కోమో సరస్సు ఒడ్డున: రోజుకు ఒక దారి, ఒక భోజనం

ఇటలీ ఉత్తరాన, ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర, లొంబార్దీ ప్రాంతంలో కోమో సరస్సు ఉంది. దాని విస్తీర్ణం 146 చదరపు కిలోమీటర్లు, లోతు 400 మీటర్ల పైమాటే. సరస్సు మూడు పాయలుగా చీలి ఉంటుంది. ఉత్తరపు కొసన కోలికో, నైరుతి కొసన కోమో నగరం, ఆగ్నేయపు కొసన లెక్కో, మూడు పాయలూ కలిసే చోట బెల్లాజియో.

కొండలు నిటారుగా నీళ్లలోకి దిగే చోటు ఇది. చదునైన నేల చాలా తక్కువ. అందుకే ఊళ్లన్నీ నీటి అంచున ఇరుక్కుని ఉంటాయి. ఊరి పైన రాతి గోడలు పేర్చి మెట్లు మెట్లుగా చదును చేసిన పొలాల్లో ఆలివ్ చెట్లు, ద్రాక్ష తీగలు పెరుగుతాయి. ఇంకా పైకి వెళ్తే చెస్ట్‌నట్ అడవులు, వాటి పైన పశువులు మేసే పచ్చిక బయళ్లు. సరస్సు చేప, ఆలివ్ నూనె, వైన్, చెస్ట్‌నట్, చీజ్ అన్నీ ఒకే కొండవాలు నుంచి వస్తాయి. వాటిని కలిపేవి పూర్వం కంచరగాడిదలు నడిచిన రాతి బాటలు. పొద్దున ఆ బాట మీద నడిచినవారికి మధ్యాహ్నం కంచంలో కనిపించే ప్రతి పదార్థం ఎక్కడిదో తెలుస్తుంది.

మరి ఇంత దూరం వెళ్లినవారిలో చాలామంది అలసటతో, ఫోన్ నిండా ఫొటోలతో మాత్రమే ఎందుకు తిరిగివస్తారు? రెండు రోజుల్లో మూడు సరస్సులు చూడాలనుకోవడం వల్ల. పడవ దిగి పడవ ఎక్కడంలోనే పొద్దు గడిచిపోతుంది. ఆకలి వేసే వేళకు వంటశాల మూసేసి ఉంటుంది. ఈ చిక్కులన్నిటికీ ఒకటే విరుగుడు: రోజుకు ఒక ఒడ్డు, ఒక దారి, ఒక మంచి భోజనం. దాన్ని అమలు చేసే తీరు కింద వరుసగా ఉంది.

1. ముందు ఒడ్డును ఎంచుకోవాలి

కోమోకు రెండు ప్రధానమైన ఒడ్లు, రెండు స్వభావాలు. ఏది ఎవరికి నప్పుతుంది?

తూర్పు ఒడ్డున ఉన్నది సెంటియెరో దెల్ వియాందాంతె, అంటే బాటసారుల దారి. లెక్కో పక్కనున్న అబ్బాదియా లారియానా నుంచి కోలికో దాకా సుమారు 45 కిలోమీటర్లు సాగుతుంది. ఈ దారికి పెద్ద అండ రైలు. మిలాన్ నుంచి లెక్కో మీదుగా తిరానో వెళ్లే రైలు మార్గం ఇదే ఒడ్డును అంటిపెట్టుకుని నడుస్తుంది. అబ్బాదియా, మందెల్లో, లియెర్నా, వరెన్నా, బెల్లానో, దెర్వియో, కోలికో ఊళ్లన్నిటికీ స్టేషన్లున్నాయి. ఒక స్టేషన్లో దిగి నడక మొదలుపెట్టి ఇంకో స్టేషన్లో ముగించవచ్చు. మోకాళ్లు నొప్పి పుడితే తర్వాతి ఊళ్లో రైలెక్కవచ్చు. దారి మొత్తం పూర్తి చేయాలన్న పట్టుదల అక్కర్లేదు. కొంత ఎక్కుడు, కొంత దిగుడు ఉంటాయి కాబట్టి నడక అలవాటున్నవారికి ఇది బాగుంటుంది.

పడమటి ఒడ్డున ఉన్నది గ్రీన్‌వే. కొలొన్నో నుంచి గ్రియాంతె దాకా సుమారు పది కిలోమీటర్లు. సాలా కొమాచీనా, ఒస్సుచ్చో, లెన్నో, ట్రెమెజ్జో ఊళ్ల మధ్య నుంచి, ఇళ్ల తోటల పక్క నుంచి వెళ్తుంది. ఎత్తుపల్లాలు తక్కువ. ఒడ్డు వెంట బస్సులూ పడవలూ ఉంటాయి కాబట్టి ఎక్కడైనా ఆపేయవచ్చు. ఒస్సుచ్చోలో కొండ మీదికి వెళ్లే దారి పొడవునా 14 చిన్న ప్రార్థనా మందిరాలున్నాయి. ఉత్తర ఇటలీలోని ఇలాంటి పవిత్ర కొండల సముదాయంలో భాగంగా 2003లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఉదాహరణకు మిలాన్‌లోనో, పాలిటెక్నికో క్యాంపస్ ఉన్న లెక్కోలోనో చదువుకునే అబ్బాయి దగ్గరికి హైదరాబాద్ నుంచి తల్లిదండ్రులు వచ్చారనుకుందాం. తండ్రికి రోజూ పార్కులో నడిచే అలవాటుంది, తల్లికి మెట్లు దిగితే మోకాళ్లు నొప్పి. అబ్బాయికి తూర్పు ఒడ్డు మీద మనసున్నా, ఆ రోజుకు గ్రీన్‌వే సరైన దారి. లెన్నో నుంచి ట్రెమెజ్జో దాకా ఒక ముక్క నడిచి, భోజనం చేసి, పడవలో తిరిగిరావడంలో ముగ్గురికీ సంతోషం ఉంటుంది. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని బట్టే దారి ఎంచుకోవాలి.

కోమోలో రద్దీ ఎక్కువనిపించేవారికి ఇసియో సరస్సు మంచి ప్రత్యామ్నాయం. దాని మధ్యనున్న మోంతె ఇజొలా ద్వీపంలో కార్లకు అనుమతి లేదు. చుట్టూ ఉన్న దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. పిల్లలతో వెళ్లేవారు అక్కడ నిశ్చింతగా నడవవచ్చు.

2. నెలను, గంటను చూసుకోవాలి

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో నడక హాయిగా సాగుతుంది. జులై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువ, జనమూ ఎక్కువ. వేసవి మధ్యాహ్నాల్లో కొండల మీద ఉరుములతో వాన పడడం ఇక్కడ మామూలే. నవంబర్ నుంచి ఈస్టర్ వరకు ఒడ్డునున్న హోటళ్లు, భోజనశాలలు చాలావరకు మూసే ఉంటాయి, పడవలూ తగ్గుతాయి.

ఈ సరస్సుకు తన గాలులున్నాయి. ఎండ కాసే రోజుల్లో పొద్దున్నే ఉత్తరం నుంచి వీచేది తివానో, మధ్యాహ్నం దక్షిణం నుంచి వీచేది బ్రేవా. తివానో వీచే చల్లని గంటలు ఎక్కుడుకు అనువైనవి. అందుకే కష్టమైన భాగం పొద్దున పదకొండు లోపే పూర్తయ్యేలా చూసుకోవాలి.

అక్టోబర్‌లో వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ నెల చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి జరుపుతారు. ఆ రోజు నుంచే సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. అడవి దారిలో ఉన్నవారికి ఆ గంట తేడా చాలా పెద్దది.

3. దారి గుర్తులు చదవడం నేర్చుకోవాలి

ఇటలీలో కొండదారుల సంరక్షణలో ముందుండేది ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్. అది 1863లో ఏర్పడింది. రాళ్ల మీద, చెట్ల మీద ఎరుపు తెలుపు పట్టీలు కనిపిస్తే అది గుర్తించిన కొండదారి. వియాందాంతె దారికి నారింజ రంగు పలకలుంటాయి. పలకల మీద తర్వాతి ఊరు పేరు, అక్కడికి పట్టే సమయం రాసి ఉంటాయి. ఆ సమయం ఆగకుండా నడిచేవారిది. ఫొటోలకు, విశ్రాంతికి మరో సగం కలుపుకుంటే లెక్క సరిపోతుంది.

దారుల కష్టాన్ని అక్షరాలతో సూచిస్తారు. టి అంటే ఎవరైనా నడవగల తేలిక దారి. ఇ అంటే కాస్త అలవాటు, మంచి బూట్లు అవసరమైన దారి. ఇఇ అంటే అనుభవజ్ఞులకు మాత్రమే. కొత్తవారు మొదటి రెండింటితో ఆగాలి. ఇఇ దారిలో అందమైన దృశ్యం ఉందని ఎవరైనా ఊరించినా వెళ్లకూడదు.

సంచిలో ఏముండాలి?

• ఒక్కొక్కరికి కనీసం లీటరు నీళ్లు. ఊళ్లలో కుళాయిలుంటాయి. "అక్వా పొతాబిలె" అని ఉంటే తాగవచ్చు, "నొన్ పొతాబిలె" అని ఉంటే తాగకూడదు.
• పట్టున్న అడుగుతో బూట్లు. పాత రాతి బాటలు వాన పడితే జారుతాయి, చెప్పులతో నడవడం ప్రమాదం.
• పలుచని వాన కోటు, టోపీ.
• మోకాళ్ల కింది దాకా కప్పే ప్యాంటు. వసంతం, వేసవి కాలాల్లో గడ్డిలో పిడుదులుంటాయి. గదికి వచ్చాక కాళ్లు ఒకసారి పరీక్షించుకోవాలి.
• బ్రెడ్డు, పండు, గుప్పెడు బాదం లేదా వాల్‌నట్‌లు.
• చార్జింగ్ ఉన్న ఫోన్. అత్యవసర నంబర్ 112.

4. వంటశాల గడియారాన్ని గౌరవించాలి

ఒక జంట వరెన్నా నుంచి ఉత్సాహంగా నడిచి మధ్యాహ్నం రెండూ నలభైకి బెల్లానో చేరింది. ఆకలి దంచేస్తోంది. మూడు భోజనశాలల తలుపులు తట్టారు. మూడు చోట్లా ఒకటే జవాబు, వంటశాల మూసేశాం అని. చివరికి బార్‌లో చల్లని శాండ్‌విచ్ దొరికింది. పొరపాటు ఎక్కడుంది? నడక నెమ్మదిగా సాగడంలో లేదు. బయల్దేరిన వేళలో ఉంది.

ఇక్కడ మధ్యాహ్న భోజనం పన్నెండు, పన్నెండున్నరకు మొదలై రెండింటికల్లా ముగుస్తుంది. రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకు గాని మొదలవదు. మధ్యలో వంటశాలలు విశ్రాంతి తీసుకుంటాయి. వారంలో ఒక రోజు సెలవు కూడా ఉంటుంది, అది ఊరినీ దుకాణాన్నీ బట్టి మారుతుంది. కాబట్టి:

• భోజనం చేయదలచిన చోటు ముందే నిర్ణయించి, ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలి.
• ఒంటిగంటకు బల్ల దగ్గర ఉండేలా వెనక్కి లెక్క వేసుకుని పొద్దున బయల్దేరాలి.
• మెనూలో వరుస ఇలా ఉంటుంది: అంతిపాస్తో చిరుతిండి, ప్రీమో పాస్తా లేదా రిసొత్తో, సెకొందో మాంసం లేదా చేప, కొంతోర్నో కూరగాయలు, దోల్చె తీపి. అన్నీ తెప్పించుకోవాల్సిన పని లేదు. ఒక ప్రీమో, ఒక కొంతోర్నో చెప్పినా ఎవరూ తప్పు పట్టరు.
• బిల్లులో "కొపెర్తో" అని ఒక చిన్న మొత్తం ఉంటుంది. అది బల్లకు, బ్రెడ్డుకు తీసుకునే రుసుము. దాన్ని మోసం అనుకుని వాదించనక్కర్లేదు. టిప్పు తప్పనిసరి కాదు.
• బిల్లు అడిగితేనే తెస్తారు. "ఇల్ కొంతో, పెర్ ఫవోరె" అంటే చాలు.

కొండ మీద పొలాలున్న రైతులు తమ ఇంటి దగ్గరే అతిథులకు వండిపెట్టే ఏర్పాటును అగ్రితురిజ్మో అంటారు. పొలంలో పండిన సరుకుతో వండడం అక్కడి పద్ధతి. ముందుగా చెప్పకుండా వెళ్తే మాత్రం చోటు దొరకడం కష్టం.

5. సరస్సు వంటలు, కొండ వంటలు వేర్వేరుగా తెలుసుకోవాలి

నీటి అంచున చేప, పైకి వెళ్లేకొద్దీ వెన్న, చీజ్, పిండి. ఈ చిన్న సూత్రం తెలిస్తే మెనూ చదవడం సులువవుతుంది.

కోమోకే ప్రత్యేకమైన వంటకం మిస్సొల్తీని. అగోనె అనే సరస్సు చేపను శుభ్రం చేసి, ఉప్పు పట్టించి, ఎండలో గాలిలో వేలాడదీసి ఎండబెడతారు. తర్వాత డబ్బాలో బే ఆకులతో కలిపి పొరలు పొరలుగా పేర్చి బరువుతో అదుముతారు. నెలల తరబడి నిలవ ఉంటుంది. తినే ముందు నిప్పుల మీద కాల్చి, వెనిగర్, ఆలివ్ నూనె చల్లి, కాల్చిన మొక్కజొన్న పొలెంతాతో వడ్డిస్తారు. ఎండుచేప రుచి తెలిసిన కోస్తా తెలుగువారికి ఇది త్వరగానే నచ్చే అవకాశం ఉంది. ఉప్పు, వాసన గట్టిగా ఉంటాయి కాబట్టి మొదటిసారి ఇద్దరికి ఒక ప్లేటు చాలు.

ఘాటు వద్దనుకునేవారికి పెర్సికో రిసొత్తో ఉంది. వెన్నతో చేసిన మెత్తని అన్నం మీద పెర్చ్ చేప ముక్కలను వేయించి పరుస్తారు. లవరెల్లో అనే మరో చేపను కాల్చి పెడతారు.

పొలెంతా మొక్కజొన్న పిండిని నీళ్లలో గంటకు పైగా కలియబెట్టి వండినది, మన సంకటికి దగ్గరి చుట్టం. దాన్ని చీజ్‌తో పొరలుగా వేసి, వెల్లుల్లి, సేజ్ ఆకులు కాచిన వెన్న పోస్తే పొలెంతా ఉంచా అవుతుంది. మొక్కజొన్నకు బక్‌వీట్ పిండి కలిపితే పొలెంతా తరాన్యా.

సరస్సు ఉత్తరపు కొస నుంచి తూర్పుకు సాగే లోయ పేరు వాల్టెల్లినా. అక్కడి పేరున్న వంటకం పిజొక్కెరి. బక్‌వీట్ పిండితో చేసిన పొట్టి పాస్తా పట్టీలను క్యాబేజీ, బంగాళాదుంపలతో ఉడికించి, కజెరా చీజ్, వెల్లుల్లి వెన్నతో కలుపుతారు. తెల్యో అనే ఊరు దీనికి పుట్టిల్లుగా పేరు పొందింది. మూడు గంటలు నడిచినవారికి కూడా ఒక ప్లేటు సరిపోతుంది, అంత బరువైన తిండి. కొండ దిగాల్సిన పని ఇంకా మిగిలి ఉంటే సగమే తినడం మేలు.

లెన్నో పరిసరాల్లో ఆలివ్ తోటలు కనిపిస్తాయి. ఇంత ఉత్తరాన ఆలివ్ పండడానికి కారణం సరస్సే. వేసవి వేడిని దాచుకుని చలికాలంలో నెమ్మదిగా వదిలే ఈ లోతైన నీరు ఒడ్డున మంచు తీవ్రతను తగ్గిస్తుంది. ఇక్కడి నూనె రుచి సున్నితంగా ఉంటుంది. బ్రెడ్డు మీద ఉత్తగా వేసుకుని తింటేనే అది తెలుస్తుంది.

6. శాకాహారులు మూడు ప్రశ్నలు అడగాలి

"మాంసం లేదు, చేప లేదు" అని వడ్డించేవారు చెప్పినంత మాత్రాన సరిపోతుందా? శాకాహారం విషయంలో పట్టింపు ఉన్న తెలుగు కుటుంబాలకు సరిపోదు. కనిపించని పదార్థాలు మూడున్నాయి.

మొదటిది రసం. రిసొత్తో, సూప్‌లు తరచుగా మాంసం ఉడికించిన రసంతో చేస్తారు. "చె బ్రోదో ది కార్నె?" అంటే ఇందులో మాంసపు రసం ఉందా అని అడగడం.

రెండవది చీజ్. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో, గొర్గొంజోలా వంటి సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. వాల్టెల్లినా బిత్తో, కజెరా చీజ్‌లదీ అదే తీరు. అంటే మాంసం ముక్క లేకపోయినా పిజొక్కెరి కచ్చితమైన శాకాహారం కాదు. "కాల్యో వెజెటాలె" అని ఉన్న చీజ్‌లో ఆ ఇబ్బంది లేదు. చీజ్ వద్దనుకుంటే "సెంజా ఫొర్మాజ్జో" అని చెప్పాలి.

మూడవది పంది మాంసం ముక్కలు, కొవ్వు. కూరగాయల సూప్‌లోనూ, బీన్స్‌లోనూ రుచికోసం వేస్తుంటారు. "సెంజా కార్నె, సెంజా పెషె" అంటే మాంసం, చేప లేకుండా అని అర్థం.

మరి ఏం తినవచ్చు? టమాటా పాస్తా, పుట్టగొడుగులతో పొలెంతా, నిప్పుల మీద కాల్చిన కూరగాయలు, సలాడ్, బ్రెడ్డు, ఆలివ్ నూనె. అక్టోబర్‌లో చెస్ట్‌నట్‌లు. వంటశాల ఖాళీగా ఉన్న వేళ, అంటే పన్నెండున్నరకే వెళ్లి మర్యాదగా అడిగితే చాలామంది ఇష్టంగా చేసిపెడతారు. రద్దీ వేళ అడిగితే వివరంగా చెప్పే ఓపిక వారికీ ఉండదు.

7. వైన్ నడక ముగిశాకే

ఇక్కడివారు వైన్‌ను భోజనంలో భాగంగా చూస్తారు. మత్తు కోసం తాగడం అక్కడి మర్యాద కాదు. తాగని వారిని బలవంతపెట్టడమూ లేదు. "నొన్ బేవో ఆల్కొల్" అంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. తాగేవారికి కొన్ని సూచనలు:

• మధ్యాహ్నం రెండు గ్లాసులు తాగి నిటారు రాతి మెట్లు దిగడం అపాయం. భోజనం తర్వాత మిగిలింది స్టేషన్‌కు చదునైన దారి మాత్రమే అయ్యేలా ప్రణాళిక వేసుకోవాలి.
• కారు నడిపేవారు తాగకూడదు. ఇటలీలో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్. 21 ఏళ్ల లోపువారికి, లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండనివారికి ఆ పరిమితి సున్నా. రైలు, పడవ ఉన్న చోట కారు అవసరమేముంది?
• సీసా తెరిపించనక్కర్లేదు. ఊరి భోజనశాలల్లో ఇంటి వైన్ పావు లీటరు, అర లీటరు కొలతల్లో ఇస్తారు. ఇద్దరికి పావు లీటరు చాలు.
• వైన్‌తో పాటు నీళ్లు తప్పకుండా తాగాలి. నడకలో చెమట పట్టిన ఒంటికి అది మరీ అవసరం.
• రుచి చూడడం అంటే గొప్ప పదాలు వాడడం కాదు. ముందు వాసన చూడాలి, ఒక చిన్న గుక్క తీసుకోవాలి, ఒక ముద్ద తినాలి, మళ్లీ ఒక గుక్క. తిండితో వైన్ రుచి మారిందా? ఆ తేడా గమనించడమే అసలు విద్య.

ఏ వైన్ ఏ తిండికి? సరస్సు ఉత్తర భాగంలో దొమాసో చుట్టుపక్కల చేసే తేలికైన తెల్ల వైన్ చేపకు బాగుంటుంది. వాల్టెల్లినాలో పండేది నెబ్బియోలో ద్రాక్ష, స్థానికులు కియావెన్నాస్కా అంటారు. రంగు పలుచన, వగరు ఎక్కువ. వెన్న, చీజ్ నిండిన పిజొక్కెరి తర్వాత నోటిని శుభ్రం చేసే గుణం ఆ వగరుకుంది. సస్సెల్లా, గ్రుమెల్లో, ఇన్ఫెర్నో, వల్జెల్లా, మరొజ్జా అనేవి ఆ లోయలోని ద్రాక్ష వాలుల పేర్లు. సీసాల మీద ఇవే కనిపిస్తాయి. కోసిన ద్రాక్షను వారాల తరబడి ఆరబెట్టి చేసే స్ఫొర్సాతో వైన్‌లో ఆల్కహాల్ కనీసం 14 శాతం. దానికి 2003లో ఇటలీ వైన్ వర్గీకరణలో అత్యున్నత గుర్తింపు దక్కింది. ఇది నడక రోజున మధ్యాహ్నం తాగేది కాదు, చలి రాత్రి భోజనానికి తగినది.

ఆ ద్రాక్ష పండే మెట్ల పొలాలను సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు నిలబెడుతున్నాయి. వాల్టెల్లినాలోనే వాటి మొత్తం పొడవు సుమారు 2,500 కిలోమీటర్లని లెక్క. ఈ రాతి పేర్పు కళను 2018లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. యంత్రాలు వెళ్లలేని వాలు కావడంతో కోత చేత్తోనే సాగుతుంది. నడిచేవారు ఆ గోడలెక్కకూడదు, ద్రాక్ష తెంపకూడదు. ఒక రాయి జారితే మళ్లీ పేర్చాల్సింది ఆ రైతే.

ఇసియో సరస్సు దక్షిణాన ఫ్రాంచకోర్తా నురగ వైన్ ఉంది. సీసాలోనే రెండోసారి పులియబెట్టి, కనీసం 18 నెలలు ఈస్టు మీద ఉంచుతారు. గార్దా సరస్సు దక్షిణపు ఒడ్డున లుగానా అనే తెల్ల వైన్ దొరుకుతుంది. ఏ సరస్సు దగ్గర ఉంటే ఆ సరస్సు వైనే అడగాలి.

8. ఒక రోజు నమూనా

పైన చెప్పినవన్నీ ఒక రోజులో ఎలా కుదురుతాయో చూద్దాం.

• పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలో మిలాన్ చెంత్రాలె స్టేషన్లో రైలు. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు యంత్రంలో ముద్ర వేయాలి, లేకపోతే జరిమానా. వరెన్నాకు గంట పైచిలుకు ప్రయాణం.
• వరెన్నాలో బార్ కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ, ఒక బ్రియోష్. కూర్చుంటే ధర పెరగవచ్చు.
• పదింటి లోపు వెజియో కోట వైపు ఎక్కుడు. దమ్ము పట్టేది ఇక్కడే, తొందరపడకూడదు. పైనుంచి సరస్సు పాయలు కనిపిస్తాయి.
• అక్కడి నుంచి చిన్న పల్లెలు, అడవి మీదుగా బెల్లానో వైపు. ఆగుతూ నడిస్తే రెండున్నర, మూడు గంటలు.
• ఒంటిగంటకు ముందే చెప్పి ఉంచిన భోజనశాల. ఇద్దరికి ఒక మిస్సొల్తీని, చెరొక ప్రీమో, పావు లీటరు తెల్ల వైన్, సీసా నీళ్లు.
• మూడింటికి ఊళ్లోని ఒర్రీదో. పియొవెర్నా నది రాతిని కోసి చేసిన ఇరుకు లోయ ఇది. గోడకు కట్టిన నడకదారి మీద సులువుగా చూడవచ్చు.
• సాయంత్రం రైలు లేదా పడవ. చివరి పడవ వేళ పొద్దునే చూసి రాసుకోవాలి.

మరో రోజుంటే అదే రైలు మార్గంలో వాల్టెల్లినాకు వెళ్లవచ్చు. వైన్ తయారీశాలకు వెళ్లదలిస్తే కొన్ని రోజుల ముందే రాసి అనుమతి తీసుకోవాలి. ద్రాక్షకోత జరిగే సెప్టెంబర్, అక్టోబర్‌లలో అతిథులకు వారి దగ్గర సమయం తక్కువ.

9. తరచుగా జరిగే పొరపాట్లు

• ఒకే రోజు కోమో, బెల్లాజియో, వరెన్నా, మెనాజియో అన్నీ చూడాలనుకోవడం. రోజులో సగం పడవ వరుసల్లో నిలబడడానికే పోతుంది.
• దూరం చూసి ఎత్తు చూడకపోవడం. కొండ మీద ఐదు కిలోమీటర్లు, ట్యాంక్‌బండ్ మీద ఐదు కిలోమీటర్లు ఒకటి కావు.
• ఖాళీ కడుపుతో వైన్ రుచి చూడడం. ముందు రెండు బ్రెడ్డు ముక్కలైనా తినాలి.
• పడవలరేవు పక్కనున్న మొదటి భోజనశాలలోనే కూర్చోవడం. రెండు సందులు లోపలికి నడిస్తే స్థానికులు తినే చోటు దొరుకుతుంది.
• నలుగురిలో ఇద్దరు అలసిపోయినా అనుకున్నది పూర్తి చేయాలని మొండిగా సాగడం. రైలు స్టేషన్లు ఉన్నది అందుకే.
• చెత్త దారిలో వదిలేయడం, కాపలా కుక్కలను రెచ్చగొట్టడం, దారి మధ్యనున్న పశువుల గేటు వేయకుండా వెళ్లడం. ఆ దారి చాలా చోట్ల ఒకరి పొలం మీదుగానే పోతుంది.

ఈ నడకకు పర్వతారోహకుల శరీరం అక్కర్లేదు. వైన్ పండితుల జ్ఞానమూ అక్కర్లేదు. బయల్దేరే ముందు నెల రోజులు రోజూ అరగంట నడక, అందులో కొన్ని మెట్లు, పది ఇటాలియన్ మాటలు, ముందే చెప్పి ఉంచిన ఒక భోజనం ఉంటే చాలు. ప్రయాణ పట్టికలో ఉన్న ఊళ్లలో సగం కొట్టేయండి. మిగిలిన సగంలో ఒకదాన్ని కాలినడకన చూడండి, అక్కడే కూర్చుని తినండి. కోమో సరస్సు దగ్గర గడిపే రోజుకు అంతకంటే మంచి పద్ధతి లేదు.